తెర మీది కథ, కొండ మీది నిజము

(రజతోత్సవ చలనచిత్ర ప్రదర్శనల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము ఉత్సవము చేసికొనునపుడు పుస్తక ప్రదర్శనము, హరికథ, పిల్లలకు వ్యాసరచన పోటీలు ఉండుట పరిపాటి. లంబసింగి గ్రంథాలయమువారు వానికి తోడుగా ఐదు సాయంకాలములు ఐదు చలనచిత్రములను ఉచితముగా చూపదలచినారు. పుస్తకములు చదువవలసిన చోట సినిమాలెందుకని కొందరు పెద్దలు అడిగినారు. ఆ ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగమున కుద్దేశము.

నూరేండ్ల క్రిందట ఈ కొండలలో జరిగిన పితూరీని గూర్చి నేటి బాలుని అడిగి చూడుడు. అల్లూరి సీతారామరాజు ఎట్లుండెడివాడని అడిగినచో కాషాయ వస్త్రములు, విల్లంబులు, గంభీరమైన కంఠస్వరము అని చెప్పును. ఆ కంఠస్వరము నటుడు కృష్ణది. బాలుని తప్పేమియు లేదు. అతని తండ్రియు అట్లే చెప్పును. రామరాజు చరిత్రను చదివినవారికన్న తెర మీద చూచినవారు ఎన్నో రెట్లెక్కువ. కావున పుస్తకములను కాపాడు సంస్థ సినిమాను గూర్చి మౌనము వహించుట తగదు. కథ ఎక్కడ ముగిసినది, నిజము ఎక్కడ మొదలైనది అని విచారించుటకు గ్రంథాలయముకన్న తగిన చోటు లేదు.

మొదటి సాయంకాలము చూపబోవునది "మాయాబజార్". 1957లో విజయా సంస్థవారు నిర్మించినది, దర్శకుడు కె.వి.రెడ్డి. అందు ప్రియదర్శిని అను ఒక పెట్టె కలదు. దానిని తెరచి చూచినవారికి తమకు ప్రియమైనది అందు కనబడును. శశిరేఖ చూచినపుడు అభిమన్యుడు కనబడినాడు. బలరాముడు చూచినపుడు దుర్యోధనుడు కనబడినాడు. పెట్టె అబద్ధమాడలేదు. అయినను అది లోకమును చూపలేదు, చూచువాని మనస్సును చూపినది. చలనచిత్రము చేయు పని ఏమని ఎవరైన అడిగినచో ఆ పెట్టెను చూపిన చాలును.

శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేదు. అది జనుల నోట పుట్టి పెరిగిన కథ. సినిమా చూచువారందరికి అది కల్పన అని తెలియును, తీసినవారును దాచలేదు. అయినను ఎన్.టి.రామారావు ధరించిన కృష్ణుని రూపము క్యాలెండర్ల మీదికెక్కి, అక్కడినుండి పూజామందిరములలోనికి ప్రవేశించినది. దేవుని విషయమున దీనివలన నష్టము లేదు. దేవునికి రూపమిచ్చుకొనువాడు భక్తుడే. కాని ఆకలిగొని, అలసి, ఈ బాటల వెంట నడచి, తుపాకీ గుండుకు పడిపోయిన మనుష్యుని విషయమున ఆ మాట చెల్లదు.

రెండవ సాయంకాలము చూపబోవునది దూరదేశపు చిత్రము. రామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసిన 1922వ సంవత్సరమందే అమెరికాలో "నానూక్ ఆఫ్ ది నార్త్" అను మూకీ చిత్రము విడుదలైనది. రాబర్ట్ ఫ్లాహర్టీ అనునాతడు కెనడా దేశపు ఉత్తరపు మంచునేలకు పోయి, అక్కడి ఇన్యూట్ జాతివారి బ్రతుకును చిత్రించినాడు. కట్టుకథ కాని నిజజీవిత చిత్రములకు ఇది మార్గదర్శి అని చలనచిత్ర చరిత్రకారులు చెప్పుదురు. చూచినవారు అందలి ప్రతి దృశ్యమును నిజమని నమ్మినారు.

తరువాత తెలిసిన సంగతులు వేరు. నానూక్ అనబడిన ఆ వేటగాని అసలు పేరు అల్లకరియల్లక్. చిత్రములో అతని భార్యగా కనబడిన స్త్రీ అతని భార్య కాదు. ఆనాటికే ఆ జాతివారు తుపాకులతో వేటాడుచుండగా, తుపాకీని ప్రక్కన పెట్టి పూర్వులవలె ఈటెతో వేటాడుమని వారిని కోరినారు. మంచు ఇంటిలో కెమెరాకు చోటును వెలుతురును చాలకపోగా, ఒక ప్రక్క కోసివేసిన ఇల్లు కట్టించి, అందు ఆ కుటుంబము నిద్రించి మేల్కొన్నట్లు చూపినారు. గోడ లేని ఇంట పడుకొనుట ఎట్టిదో లంబసింగి చలి నెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మనుష్యులు నిజము, మంచు నిజము, చలి నిజము. వారు చేసిన పనులలో పెక్కు కెమెరా కొరకు చేసినవి.

ఈ ముచ్చట ఇచ్చట చెప్పుటకు కారణము కలదు. ఈ కొండలకు కెమెరాలు రాని దినము లేదు. అరకు లోయలో థింసా నృత్యము పండుగకు, పెండ్లికి ఆడునది. యాత్రికులు అడిగిన వేళకును అది ఆడబడుచున్నది. ఆడువారికి నాలుగు డబ్బులు వచ్చుట మంచిదే. కాని కోరినపుడు పాత కట్టుతో, పాత నగలతో నిలుచుండు గిరిజన యువతి ఆ క్షణమున అల్లకరియల్లక్ నిలిచిన చోటనే నిలిచియున్నది. ఆమె చదువుకొనుచున్న కళాశాల ఆ చిత్రమున కనబడదు.

లంబసింగి పేరు కూడ అట్లే ఒక కథలో చిక్కుకొన్నది. సముద్రమట్టమునకు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున నున్న ఈ ఊరిలో శీతకాలమున కొన్ని తెల్లవారుజాములు చలి సున్నా డిగ్రీల దరిదాపులకు దిగును. దానితో పత్రికలవారు దీనికి ఆంధ్ర కాశ్మీరమని పేరు పెట్టినారు. తెలుగులో మంచు అను మాట పొగమంచునకును, ఆకాశమునుండి రాలు హిమమునకును ఒక్కటియే. ఆ ఒక్క మాట వలన మైదానమునుండి హిమపాతము చూడవలెనని వచ్చి, పొగమంచును చూచి పోవువారు ఎందరో. 2024 మార్చిలో "లంబసింగి" అను పేరుతోనే ఒక తెలుగు చిత్రము విడుదలైనది. అది ఒక పోలీసు కానిస్టేబులు ప్రేమకథ. ఊరి పేరు తెరకెక్కుట సంతోషమే. ఊరి కథ తెరకెక్కుట మరియొక పని. అది ఇంకను మిగిలియున్నది.

మూడవ సాయంకాలము చూపబోవు చిత్రము ఈ ప్రాంతమువారికి మిక్కిలి ఆప్తమైనది. అది 1974 మే 1న విడుదలైన "అల్లూరి సీతారామరాజు". కృష్ణ నటించిన నూరవ చిత్రము, తెలుగున తొలి సినిమాస్కోప్ చిత్రము. త్రిపురనేని మహారథి రచన చేసినారు. దర్శకుడు వి.రామచంద్రరావు చిత్రము పూర్తికాకముందే మరణించగా మిగిలిన భాగమును ఇతరులు పూర్తిచేసినారు. అందు శ్రీశ్రీ వ్రాసిన పాటకు జాతీయ పురస్కారము లభించినది. చిత్రీకరణము ఈ చింతపల్లి ప్రాంతపు అడవులలో జరిగినది. కావున తెర మీద కనబడు కొండ నిజమైన కొండ. ఆ కొండ మీద నిలిచినవాడు నటుడు. నిజమైన కొండ అండగా నిలుచుటవలననే నటుడు చెప్పిన ప్రతి మాటకు నిజమను బలము కలిగినది.

ఇప్పుడు చరిత్రము చెప్పునది వినవలెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడు వ్యవసాయమునకు, అడవిలో స్వేచ్ఛగా తిరుగుటకు అడ్డు వచ్చినది. ముఠాదారుల పూర్వపు అధికారములు క్షీణించినవి. గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవారిచేత వెట్టిగా, న్యాయమైన కూలి ఇయ్యక రోడ్డు పని చేయించినాడు. నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు బాట ఆ కష్టముతో ముడిపడినది. నేడు యాత్రికుల కారులు ఎక్కివచ్చు దారి అదే.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషనుల మీద దాడులు జరిగినవి. మొత్తము 26 తుపాకులు చిక్కినవి. తీసికొనిన ఆయుధముల వివరమును రామరాజు స్టేషను పుస్తకములో వ్రాసి సంతకము చేసినాడని ప్రసిద్ధి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటర్ అను ఆంగ్లాధికారులు హతులైనారు. 1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డు ప్రత్యేక కమిషనరుగా వచ్చినాడు. మే 7న పట్టుబడిన రామరాజును కొయ్యూరు వద్ద విచారణ లేకుండ కాల్చి చంపినారు. తెర మీది రామరాజు ప్రాణము విడుచుటకు ముందు ఆంగ్లాధికారితో దీర్ఘముగా, వినువారి రోమములు నిక్కబొడుచునట్లు సంభాషించును. చరిత్రలోని రామరాజునకు న్యాయస్థానములో నిలిచి ఒక్క మాట చెప్పుకొను అవకాశమైనను లేకపోయినది. ఆయనకు దక్కని మాటను యాబదియేండ్ల తరువాత ఒక రచయిత ఆయన నోట పెట్టినాడు. దీనిని అబద్ధమనుట సులభము. జనుల హృదయములో ఏబదియేండ్లు అణగియున్న కోరిక తీరినదనుట ఎక్కువ న్యాయము. ప్రియదర్శిని ఇచ్చట మిక్కిలి పవిత్రమైన పని చేసినది.

అయినను ఆ పెట్టెలో కనబడనివారిని గూర్చి కూడ అడుగవలెను. గాము గంటందొర, గాము మల్లుదొర అను సోదరులు ఈ కొండలవారు, పితూరీకి కుడిభుజములు. గంటందొర 1924లోనే పోరాటమున మరణించినాడు. మల్లుదొర పట్టుబడి దీర్ఘకాలము కారాగారవాసము చేసి, 1952 ఎన్నికలలో విశాఖపట్నము నియోజకవర్గము నుండి తొలి లోక్‌సభకు ఎన్నికైనాడు. ఒకనాడు తన్ను వేటాడిన రాజ్యము స్థానమున ఏర్పడిన ప్రజారాజ్యపు సభలో ఆయన కూర్చున్నాడు. ఇంతటి కథ ఏ రచయితకైనను కల్పించుట కష్టము. అయినను బాలురలో ఆయన పేరెరిగినవారు అరుదు. ఆ చిత్రములో విజయనిర్మల ధరించిన సీత పాత్రము మాత్రము అందరికి తెలియును. సీతతో రామరాజు ప్రేమకు చరిత్రలో గట్టి ఆధారము లేదు. లేని సీత నిలిచినది, ఉన్న మల్లుదొర మరుగునపడినాడు. తెర మీది కల్పనవలన కలుగు నష్టము ఇట్టిది. అది అబద్ధమును చేర్చుటకన్న నిజమునకు చోటు లేకుండ చేయుట ఎక్కువ.

నాలుగవ సాయంకాలము చూపబోవునది "ఆర్ఆర్ఆర్". ఎస్.ఎస్.రాజమౌళి దర్శకత్వమున 2022 మార్చి 25న విడుదలై, దేశదేశములు తిరిగి, 2023లో తన పాటకు ఆస్కార్ పురస్కారము పొందినది. ఇందు రామరాజు, కొమరం భీము 1920 ప్రాంతమున ఢిల్లీలో కలిసి స్నేహితులగుదురు. వాస్తవమున వారిరువురు కలిసిన దాఖలా లేదు. భీము గోండు వీరుడు. 1940లో జోడేఘాట్ వద్ద నిజాము సైనికుల కాల్పులలో అమరుడైనాడు. ఇది కల్పిత కథ అని తీసినవారే ముందుగా ప్రకటించినారు. ఆ విషయమున వారిని తప్పుపట్టుటకు వీలు లేదు. కాని రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఇందు రామరాజు చాలసేపు ఆంగ్లేయుల పోలీసు ఉద్యోగిగా కనబడును. చింతపల్లి స్టేషను మీద దాడి చేసినవారి మనుమలు ఈ దృశ్యమును చూడబోవుచున్నారు. రెండవది, 1974 నాటి సీత ఇందు మరల వచ్చినది. ఒక చిత్రములోని కల్పన మరియొక చిత్రమునకు ఆధారమైనది. ఇట్లు రెండు మూడు మార్లు జరిగినచో కల్పనయే చరిత్రమై కూర్చుండును.

అట్లయిన సినిమాను విడిచి ప్రభుత్వ పత్రములనే నమ్మవలెనా అని ఎవరైన అడుగవచ్చును. అదియు చాలదు. ఆ పత్రములు వ్రాసినవారు పాలకులు. కొండవాని కోపమునకు వారు పెట్టిన పేరు పితూరీ. కొండవాని ఆకలికి వారి పుస్తకములలో శీర్షిక లేదు. తుపాకులు ఎన్ని పోయినవో లెక్క కలదు. పోడు మానుకొన్న ఇంట ఎన్ని పూటలు పొయ్యి వెలుగలేదో లెక్క లేదు. కావున ప్రభుత్వ పత్రము కూడ ఒక ప్రియదర్శినియే. తేదీలకు, పేర్లకు దానిని నమ్మవలెను. మనస్సునకు వేరొక సాక్షిని వెదకవలెను.

ఐదవ సాయంకాలము చూపబోవు బంగాళీ చిత్రము ఈ ఆలోచననే కథగా చేసికొన్నది. 1977లో తెలుగున "ఒక ఊరి కథ" తీసిన మృణాల్ సేన్ 1980లో "అకాలేర్ సంధానే" తీసినాడు. కరవును వెదకుచు అని ఆ పేరునకు అర్థము. 1943 నాటి బంగాళపు కరవు మీద సినిమా తీయుటకు ఒక బృందము ఒక పల్లెకు పోవును. స్మితా పాటిల్ అందు స్మితా పాటిల్‌గానే కనబడును. బృందమువారు పాత ఫోటోలు చేతబట్టి, ఇందలి బక్కచిక్కిన మనుష్యులు ఏ యేటి కరవువారో చెప్పుడని ఒకరినొకరు ప్రశ్నించుకొందురు. అన్నియు 1943 నాటివే అనుకొన్నవారికి, తరువాతి యేండ్లవి కూడ అందున్నవని తెలియును. పట్నమువారు వెదకుచున్న కరవు పల్లెను విడిచి పోనేలేదు. చివరకు వారు పని ముగియకయే వెడలిపోవుదురు; పల్లె మాత్రము అట్లే నిలిచియుండును. సినిమా తీయువాడు తన్ను తానే బోనులో నిలుపుకొనిన చిత్రమిది. మన్యమునకు వచ్చు ప్రతి చిత్రబృందము దీనిని చూచి రావలెనని కోరుట అత్యాశ కాదు.

ఈ ఐదు చిత్రములు చూచిన పిమ్మట గ్రంథాలయము చేయవలసిన పని ఏమి? దానికి మార్గము బుర్రకథ చూపుచున్నది. బుర్రకథలో కథకుడు ఒక్కడే కథ చెప్పడు. ఇరుప్రక్కల ఇద్దరు వంతలుందురు. కథకుడు ఆవేశమున సాగిపోవుచుండగా హాస్యపు వంత అడ్డు తగిలి ప్రశ్నించును. రాజకీయపు వంత నాటి కథను నేటి సంగతితో ముడిపెట్టును. ఆ ప్రశ్నలవలన కథ చెడలేదు, రక్తి కట్టినది. వినువాడు కథలో మునిగియుండియు అది కథ అని మరువలేదు. చలనచిత్రమునకు వంతలు లేరు. చీకటిలో అడ్డు ప్రశ్న వేయువాడు ఉండడు. ఆ వంతల స్థానమును గ్రంథాలయము తీసికొనవలెను. ప్రతి ప్రదర్శనము ముగిసిన తరువాత దీపములు వెలిగించి అరగంట సేపు చర్చ జరుపవలెను. ఆ చిత్రమునకు సంబంధించిన చరిత్ర పుస్తకములు బల్ల మీద పరచి యుంచవలెను. వేయవలసిన ప్రశ్నలు మూడే: ఇందు నిజముగా జరిగినదేది? జరుగవలెనని తీసినవారు కోరుకొన్నదేది? జరిగియు ఇందు కనబడనిదేది?

ఆరవ సాయంకాలము సినిమా ఉండదు. ఆనాడు ఊరి పెద్దలు మాటలాడవలెను. 1922 నాటి సంగతులను కన్నులార చూచినవారు నేడు లేరు. వారి ఒడిలో కూర్చుండి విన్నవారు కొందరున్నారు, వారును వయోవృద్ధులు. బాట వేయుటకు ఏ ఇంటినుండి ఎవరు పోయినారు, ఏ రాత్రి ఎవరికి అన్నము పెట్టినారు, ఎవరి ఇల్లు సోదా చేసినారు అను సంగతులు ఏ సినిమాలోను లేవు, ఏ ప్రభుత్వ పత్రములోను లేవు. అవి ఆ పెద్దల నోట మాత్రమే మిగిలియున్నవి. బగత, కొండదొర, వాల్మీకి, కొండు మొదలగు అన్ని కులములవారి ఇండ్లనుండియు వానిని సేకరింపవలెను. తెలుగు కాక తమ తమ భాషలలో చెప్పువారుండినచో ఆ మాటలలోనే వ్రాసికొనవలెను.

వ్రాయునపుడు ఒక నియమము పాటించుట మేలు. పుటను మూడు భాగములు చేసి, చెప్పినవారు స్వయముగా కన్నది ఒక ప్రక్క, పెద్దలవలన విన్నది ఒక ప్రక్క, సినిమాలోనో పుస్తకములోనో తెలిసికొన్నది మరియొక ప్రక్క వ్రాయవలెను. ఏలయన తెర మీది కథ పెద్దల జ్ఞాపకములలోనికి కూడ చొచ్చియుండును. తాత చెప్పినదేదో, తెర చెప్పినదేదో వేరుచేయుట వారికే కష్టము కావచ్చును. అట్లు కలిసిపోయిన చోట తప్పని కొట్టివేయక, కలిసినదని గుర్తుపెట్టి ఉంచవలెను. పాఠశాల పిల్లలే ఈ పని చేయగలరు. చెప్పినవారి పేరును, వ్రాసిన తేదీని అడుగున వ్రాసి, చెప్పినవారి సమ్మతితో ఆ పుస్తకమును ఈ గ్రంథాలయమున భద్రపరుపవలెను.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టినారు. పేరు పెట్టుటతో ఋణము తీరదు. సభాసదులారా, ఈ ఐదు చిత్రములను తనివితీర చూడుడు. కన్నీరు వచ్చిన చోట కన్నీరు పెట్టుడు, చప్పట్లు కొట్టవలసిన చోట కొట్టుడు. దీపములు వెలిగిన పిమ్మట మాత్రము లేచిపోక, ఆ మూడు ప్రశ్నలు అడిగి పొండు. రాబోవు స్వర్ణోత్సవము నాటికి ఈ గ్రంథాలయపు బీరువాలో లంబసింగివారే చెప్పి, లంబసింగి పిల్లలే వ్రాసిన ఆ పుస్తకము ఉండుగాక. ఎప్పుడైన ఒక చిత్రబృందము ఈ కొండ ఎక్కివచ్చి కథ కావలెనని అడిగినచో, ముందు దీనిని చదువుడని వారి చేతిలో పెట్టుటకు అది సిద్ధముగా నుండుగాక.

స్వస్తి.